పిడుగురాళ్ళ దగ్గర ఎటు తిరగాలి

ఫిబ్రవరి, సాయంత్రం ఐదున్నర. కారంపూడి నుంచి గురజాల పోయే రోడ్డు. పొద్దు వాలినా సెగ తగ్గలేదు. రెండు పక్కలా మిరప చేలు, కళ్ళాల్లో ఆరబోసిన కాయ. గాలి ఇటు తిరిగితే చాలు, గొంతులో ఘాటు దిగి దగ్గు వస్తుంది. మన ముందు ఒక ఆటో పోతోంది. ముగ్గురు ఎక్కాల్సిన బండిలో కూలికి పోయి వస్తున్న ఆడవాళ్ళు పది మందికి తక్కువ లేరు. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక కాళ్ళు బయటికి వేలాడేసుకొని ఇద్దరు.

ఎదురుగా ట్రాక్టరు. దాని వెనక నుంచి ఒక కారు, దాటేద్దామని పక్కకు వచ్చింది. దాటలేకపోయింది.

బ్రేకుల చప్పుడు, రేకు నలిగిన చప్పుడు. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. ఆ వెంటనే అరుపులు.

మనం బండి పక్కన పడేసి పరుగెత్తాం. ఆటో ఒక పక్కకు ఒరిగి పడుంది. అన్నం క్యారేజీలు, తలగుడ్డలు, చెప్పులు రోడ్డంతా చెల్లాచెదురు. ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. తల పగిలిన ఒక పెద్దావిడ కూర్చొని ఉంది, మాట మాత్రం తడబడుతోంది. ఆటో కిందికి సగం జారిన నలభై ఏళ్ళ ఆమెను నలుగురు కలిసి బయటికి తీశారు. ఎడమ కాలు మోకాలి కింద వంకర తిరిగింది. చర్మం చీలి లోపల ఎముక కొస తెల్లగా కనపడుతోంది. ఆమె రెండు చేతులతో ఆ కాలిని పట్టుకోబోయి కేక పెట్టి వదిలేసింది. పొద్దున్నించి మిరపకాయ కోసిన చేతులవి. సబ్బు పెట్టి కడిగినా రాత్రిదాకా మండే చేతులు. ఆ ఘాటు పచ్చి గాయానికి తగిలింది.

ఆమెకు ఇక్కడ పేరు పెట్టడం లేదు. కోతల కాలంలో పల్నాడు రోడ్ల మీద ఇలాంటి ఆమెలు చాలామంది. ఈమెతో పాటు ఆసుపత్రి దాకా, ఆ తర్వాత కోర్టు దాకా వెళదాం. దారిలో ఎక్కడెక్కడ ఏం పోతుందో, ఏం నిలుస్తుందో పక్కనుండి చూస్తేనే తెలుస్తుంది.

చుట్టూ జనం చేరారు. తలా ఒక మాట. "ముందు మంచినీళ్ళు పట్టండిరా." "కాఫీ పొడి అద్దు, రక్తం ఆగిద్ది." "కాలు లాగి సరిచెయ్యండి, మళ్ళీ బిగుసుకుపోద్ది." అందరిదీ మంచి మనసే. కానీ ఈ మూడూ చెయ్యకూడనివే. ఇంకాసేపట్లో మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి నోటికి ఏమీ పెట్టకూడదు. పచ్చి గాయంలో పొడి పోస్తే రేపు డాక్టరు దాన్నంతా కడిగి తీయాలి. లాగితే ఎముక కొస నరాన్ని కోసెయ్యవచ్చు. ఉతికిన గుడ్డ మడతపెట్టి గాయం మీద నొక్కి పట్టుకోవడం, కాలిని ఉన్నది ఉన్నట్టు కదలకుండా ఉంచడం, అంతే. ఆమె అక్క కొడుకు, డిగ్రీ చదివే అబ్బాయి, బండి మీద వెనకే వస్తున్నవాడు, తన తువ్వాలు తీసి నొక్కి పట్టుకున్నాడు. "ఏం కాదు పిన్నీ, నన్ను చూడు" అంటున్నాడు. వాడి గొంతు వణుకుతోంది, చెయ్యి మాత్రం వణకడం లేదు.

జనంలో కొందరు ఫోన్లు తీసి వీడియోలు పడుతున్నారు. ఒకాయన 108కి ఫోన్ చేయబోయి ఆగాడు. "మనమెందుకులే, రేపు సాక్ష్యానికి తిప్పుతారు." ఈ భయం పాతది, దానికి కారణాలూ ఉండేవి. ఇప్పుడు లేవు. గాయపడ్డవాళ్ళకు సాయం చేసినవాళ్ళను వేధించకూడదని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ సెక్షన్ చేరింది. పేరు చెప్పమని, ఆసుపత్రిలో ఆగమని, సాక్ష్యం ఇమ్మని బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. పక్కనున్న ముసలాయన ఫోన్ లాక్కొని తానే 108 నొక్కాడు.

తెల్లటి బండి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ నంబరు పల్లెల్లో ఇవాళ దేవుడి పేరంత కంఠతా. డ్రైవరును వీళ్ళు పైలట్ అంటారు. వెనక నుంచి దిగిన ఇఎంటి, అంటే అత్యవసర వైద్యం చేసే టెక్నీషియను, ఒక అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. మాటల్లేవు, వచ్చీ రాగానే మోకాళ్ళ మీద కూర్చుంది. కత్తెరతో చీర అంచు కత్తిరించింది. సెలైన్ సీసా కోసి గాయం మీద ధారగా పోసి, గాజు గుడ్డ పెట్టి కట్టింది. కాలికి రెండు పక్కలా బద్దలు అమర్చింది. తర్వాత ఆమె చేసిన పని దగ్గరగా చూడాలి. గాయపడ్డ కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు మళ్ళీ ఎర్రబడటానికి ఎంతసేపు పట్టిందో చూసింది. పాదం మీద రెండు వేళ్ళు పెట్టి నాడి వెతికింది. "వేళ్ళు కదుపమ్మా... ఆఁ, కొద్దిగా చాలు." వేళ్ళు కదిలాయి. అమ్మాయి ముఖంలో బిగువు సడలింది. ఎముక విరిగితే అతుకుతుంది. పాదానికి రక్తం ఆగితే మాత్రం కాలే ఉండదు.

తల పగిలిన పెద్దావిడను ఈలోగా ఎవరో ప్రైవేటు అంబులెన్సులో ఎక్కించి పంపేశారు. ఎటు పంపారో అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు.

గురజాల ప్రభుత్వ ఆసుపత్రి. చీకటి పడింది. డ్యూటీ డాక్టరు బీపీ చూసి, టీటీ ఇంజెక్షను, యాంటీబయాటిక్, నొప్పికి మందు ఇప్పించాడు. ఎముక బయటపడ్డ గాయానికి యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే చీము పట్టే ముప్పు అంత తగ్గుతుంది. ఈ గంటలో జరిగిన ఈ చిన్న పని, తర్వాత గుంటూరులో జరిగే పెద్ద ఆపరేషను కంటే తక్కువదేమీ కాదు. "ఎముకల డాక్టరు, చర్మం అతికే డాక్టరు ఇద్దరూ కావాలి. గుంటూరు పెద్దాసుపత్రికి, జీజీహెచ్‌కి రాస్తున్నా" అన్నాడు. తర్వాత పెద్ద రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. మెడికో లీగల్ కేసు నమోదు. "ఎట్టా జరిగింది బాబూ?"

అబ్బాయి నోరు తెరిచేలోగా ఆటో డ్రైవరు వాడి చెయ్యి పట్టుకొని పక్కకు లాగాడు. అతనూ దెబ్బలు తిన్నాడు, నుదుటి మీద నెత్తురు ఎండిపోయి ఉంది. ఊరివాడే, వరసకు బాబాయి. "అబ్బాయ్, మీ పిన్ని ఆటో దిగేటప్పుడు జారి పడిందని చెప్పు. అంతమందిని ఎక్కించుకున్నానని తెలిస్తే నా బండి పోద్ది. నీకు దణ్ణం పెడతా."

ఇక్కడ మనం ఆగి ఊపిరి బిగబట్టాలి. ఆ ఒక్క వాక్యం రిజిస్టరులోకి ఎక్కితే ఏమవుతుందో ఆ డ్రైవరుకూ తెలియదు, అబ్బాయికీ తెలియదు. జారి పడితే అది రోడ్డు ప్రమాదం కాదు. రోడ్డు ప్రమాదం కాకపోతే కారు లేదు. కారు లేకపోతే దాని ఇన్సూరెన్సూ లేదు. ఏడాదిన్నర తర్వాత ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో ఇన్సూరెన్సు కంపెనీ వకీలు మొట్టమొదట అడిగి తెప్పించేది ఈ రిజిస్టరు పేజీనే. ఆ రాత్రి రాసిన ముక్కకూ తర్వాత చెప్పే మాటకూ పొంతన లేకపోతే, ఎంత నిజమైన గాయమైనా కట్టుకథ అయిపోతుంది. డబ్బు సంగతి కోర్టులో తేలుతుందని అనుకుంటాం గానీ, సగం గురజాల బల్ల మీదే తేలిపోతుంది. పోనీ, నిజం చెబితే ఆటో తప్పు బయటపడి ఆమె పరిహారం తగ్గుతుందా? ఆటో తప్పు కొంత ఉన్నా, లోపల కూర్చున్న ఆమెది ఏ తప్పూ లేదు. రెండు బండ్ల తప్పూ కలిసి జరిగిన ప్రమాదంలో గాయపడ్డవారు ఏ బండి వైపు నుంచైనా పూర్తి పరిహారం రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

అబ్బాయి బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. "ఆటోను కారు గుద్దింది సార్. ట్రాక్టరును దాటబోయి ఎదురొచ్చింది. కారు నంబరు ఫోనులో ఫొటో తీశా." డాక్టరు రాసుకున్నాడు. సమయం, చోటు, ఎవరు తెచ్చారు, అన్నీ. ఆటో డ్రైవరు గోడకు ఆనుకొని కళ్ళు మూసుకున్నాడు.

మళ్ళీ 108. పిడుగురాళ్ళ వచ్చేసరికి అబ్బాయి ఫోను ఆగకుండా మోగుతోంది. సున్నపు బట్టీల పొగ వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. ఇక్కడ దారి చీలుతుంది. తిన్నగా పోతే సత్తెనపల్లి మీదుగా గుంటూరు. కుడికి తిరిగితే నరసరావుపేట. "గుంటూరు ఎందుకురా, పేట తీసుకురా. పల్నాడు రోడ్డులో మనకు తెలిసిన డాక్టరు ఉన్నాడు, చెప్పి పెట్టా" అంటున్నాడు మేనమామ. "పెద్దాసుపత్రికి పోతే పట్టించుకునే నాథుడు ఉండడు" అంటోంది వాళ్ళమ్మ.

నరసరావుపేటలో మంచి ఆసుపత్రులు లేవని కాదు. జిల్లా కేంద్రం కాకముందు నుంచే పల్నాడుకు అది వైద్యానికి రాజధాని. మాచర్ల నుంచి వినుకొండ నుంచి జనం అక్కడికే వస్తారు. ప్రశ్న ఊరిది కాదు. ఈ కాలికి ఈ రాత్రి కావలసినవన్నీ ఒకే చోట ఉన్నాయా? ఎముకల డాక్టరుతో పాటు మత్తు డాక్టరు ఉన్నాడా, రక్తం దొరుకుతుందా, చర్మం అతకాల్సి వస్తే మళ్ళీ ఇంకో ఆసుపత్రికి మోయాలా? ఈ ప్రశ్నలు ఫోనులోనే అడగవచ్చు. వాటితో పాటు ఇంకొకటి: "మీ ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్యసేవ నెట్‌వర్కులో ఉందా, రోడ్డు ప్రమాదాల నగదు రహిత పథకంలో ఉందా?" అబ్బాయి అడిగాడు. అవతల మేనమామ కాసేపు మాట్లాడలేదు. "అది కనుక్కోలేదురా" అన్నాడు.

బండి తిన్నగా పోయింది.

సత్తెనపల్లి దాటుతుండగా తల పగిలిన పెద్దావిడ కబురు తెలిసింది. ప్రైవేటు అంబులెన్సు ఆమెను ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చింది. యాభై వేలు కడితేనే స్కానింగు అన్నారట. కొడుకు రోడ్డు మీద నిలబడి ఫోన్లు చేస్తున్నాడు. ఇది వింటే కడుపు మండుతుంది. 1989 ఆగస్టులో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి మూడున్నర దశాబ్దాలు దాటింది: ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు తర్వాత. 2025 మే 5న కేంద్రం అమల్లోకి తెచ్చిన పథకం ఇంకో అడుగు ముందుకేసింది. మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద ఎవరికి దెబ్బ తగిలినా, గుర్తించిన ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, మనిషికి లక్షన్నర రూపాయల వరకు డబ్బు అడగకుండా వైద్యం చెయ్యాలి. జాబితాలో లేని ఆసుపత్రి కూడా ప్రాణం నిలబెట్టే వైద్యం చేసి, ఆ తర్వాతే పంపాలి. బియ్యం కార్డు అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు. అది ప్రమాదమేనని పోలీసులు ఆన్‌లైన్‌లో ధ్రువీకరిస్తే ఆసుపత్రికి డబ్బు ప్రభుత్వం నుంచి వస్తుంది. అంటే గురజాల రిజిస్టరులో రాయించిన నిజం ఇక్కడ కూడా అన్నం పెడుతుంది.

అబ్బాయి ఆ కొడుక్కి ఈ సంగతి చెప్పాడు. "యాడ విన్నావురా ఇది?" అన్నాడతను. "ముందు 112కి చెయ్యన్నా. ఆసుపత్రివాళ్ళను మాత్రం ఒక్కటే అడుగు: వైద్యం చెయ్యం అని రాసిస్తారా అని." కాగితం మీద కాదనడానికి ఎవరికీ ధైర్యం ఉండదు. స్కానింగు జరిగిందని తర్వాత తెలిసింది.

గుంటూరు జీజీహెచ్ క్యాజువాల్టీ. రాత్రి పదవుతోంది. మనం ఇంతకుముందు చూడనంత వెలుతురు, ఇంతకుముందు విననంత గోల. స్ట్రెచర్లు దొరకవు, దొరికినదాన్ని వదలకూడదు. నేల మీద చాపలు, అటెండర్ల కేకలు, మూల ఒక తల్లి ఏడుపు. ఇది చూసే మధ్యతరగతివాళ్ళు ముఖం తిప్పుకొని వెళ్ళిపోతారు. కానీ ఇదే క్యాజువాల్టీలో అర్ధరాత్రి ఎముకల పీజీ డాక్టర్లు నిద్రలేకుండా ఎన్ని కాళ్ళు నిలబెడతారో లోపల ఉండి చూసినవాళ్ళకే తెలుసు. ఆమెను థియేటరులోకి తీసుకుపోయారు. గాయాన్ని లీటర్ల కొద్దీ సెలైనుతో కడిగి, చచ్చిన కండ కత్తిరించి, ఎముకను బయట నుంచి కడ్డీలతో నిలబెట్టారు. లోపల రాడ్డు తర్వాత, గాయం శుభ్రపడ్డాక. ఆపైన తొడ నుంచి చర్మం తీసి అతకాలి. ఒక్క రాత్రితో అయిపోయేది కాదని డాక్టరమ్మ అబ్బాయికి బొమ్మ గీసి మరీ చెప్పింది.

థియేటరు బయట మనం కూర్చున్నాం. ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. తెల్ల చొక్కాలు, చేతిలో పండ్ల సంచి. కారువాళ్ళ తరఫు. మాట చాలా మెత్తగా ఉంది. "చూడబ్బాయ్, కుర్రాడు కావాలని చెయ్యలేదు. ఉద్యోగం వచ్చే వయసు, కేసైతే వాడి బతుకు పోద్ది. ఖర్చులకు ఇదుంచు. మిగతాది ఊళ్ళో కూర్చొని మాట్లాడుకుందాం." సంచి కింద నోట్ల కట్ట. ఊళ్ళో కూర్చోవడమంటే ఎవరు పైన కూర్చుంటారో, ఎవరు కింద కూర్చుంటారో అబ్బాయికి తెలుసు.

వాడి కళ్ళు ఆ కట్ట మీదికి పోయాయి. పోకుండా ఉండవు. జేబులో ఉన్నది పెట్రోలు డబ్బే.

ఈ చోటే పల్నాడులో ఎన్నో కేసులు ముగిసిపోతాయి. జాలి వల్లా, భయం వల్లా, అవసరం వల్లా. ఒక్క సంగతి ఎవరూ చెప్పరు: పరిహారం ఆ కుర్రాడి ఇల్లు అమ్మి కట్టేది కాదు. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండి తీరాలని చట్టం పెట్టింది ఇందుకే. కేసు నమోదైతే డబ్బు ఇచ్చేది ఇన్సూరెన్సు కంపెనీ. ఆ కుర్రాడు ఏటా ప్రీమియం కట్టిందీ దీనికే. కేసు వద్దంటే కంపెనీకి మిగులుతుంది. ఆమెకు మిగిలేది ఆ కట్టే. "ఖర్చులకు ఇవ్వదలిస్తే ఇవ్వండి పెదనాన్నా, రాసి తీసుకుంటా. కేసు మాత్రం ఆగదు" అన్నాడు అబ్బాయి. ఆసుపత్రి ఔట్‌పోస్టు కానిస్టేబులు అప్పుడే వాంగ్మూలం కోసం వచ్చాడు. వచ్చిన పెద్దమనుషులు పండ్ల సంచి వదిలేసి, కట్ట తీసుకొని వెళ్ళిపోయారు.

రోజులు గడుస్తున్నాయి. వైద్యం ఉచితం. మరి డబ్బెటు పోతోంది? వార్డులో మంచం పక్కన కూర్చుంటే కనపడుతుంది. తోడున్న మనిషి కూలి పోయింది. గురజాల నుంచి వచ్చే పోయే చార్జీలు. లోపల దొరకని మందొకటి బయట కొనాలి. రక్తం ఇచ్చిన స్నేహితులకు టిఫిను. అన్న క్యాంటీనులో ఐదు రూపాయల భోజనం ఉందని తెలిశాక కొంత ఊపిరి పీల్చుకున్నారు. అన్నింటికన్నా పెద్దది లెక్కలోకి రాదు: కోతల కాలం పోతోంది. ఏడాది మొత్తానికి నాలుగు రాళ్ళు చేతికి వచ్చే రెండు నెలలు ఇవే. డ్వాక్రా వాయిదా మాత్రం ఆగదు.

మేనమామ లక్ష తెస్తానన్నాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. కోర్టు రెండేళ్ళు పడితే డెబ్బై రెండు వేలు వడ్డీకే. వచ్చే పరిహారం వచ్చినట్టే వెళ్ళిపోతుంది. చెవులకున్న దిద్దులు, రెండు గాజులు బ్యాంకులో పెడితే వడ్డీ ఇందులో సగం కూడా ఉండదు. ఆడవాళ్ళు నగ తియ్యడానికి వెనకాడతారు, మగవాళ్ళు బ్యాంకు మెట్లెక్కడానికి వెనకాడతారు. అబ్బాయి పిన్ని కళ్ళలోకి చూడలేక నేల చూస్తూ అడిగాడు. ఆమే దిద్దులు తీసి వాడి చేతిలో పెట్టింది.

ఇంకొకాయన వచ్చి పుత్తూరు కట్టు మాట ఎత్తాడు. "ఈ రాడ్లెందుకు, మూడు కట్లతో మా వాడికి సరిపోయింది." చర్మం చీలకుండా ఎముక విరిగితే జనం పోతారు, నమ్మకం వాళ్ళది. గాయం తెరుచుకున్న కాలికి కట్టు కడితే లోపల చీము పట్టి కాలు తియ్యాల్సి రావచ్చు. ఇందులో మొహమాటం పనికిరాదు. డాక్టరమ్మ మొహమాటపడలేదు కూడా.

నగదు రహిత పథకం ఏడు రోజులు దాటాక ఏంటి? ప్రైవేటులో ఉన్నవాళ్ళకు ఇదే గండం. ఆ తల పగిలిన పెద్దావిడ కొడుకు ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర బియ్యం కార్డు, ఆధారు పట్టుకొని నిలబడ్డాడు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం ఇక్కడ అందుకుంటుంది. పేరు ఏదైనా పేదవాడి నోట అది ఆరోగ్యశ్రీయే. అయితే 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని నెట్‌వర్కు ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజుల్లో గాయపడ్డవాళ్ళ సంగతి తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది. విరిగిన కాలు బకాయిలు తీరేదాకా ఆగదు కదా.

ఈ కేసులో ఒక అదృష్టం ఉంది, చెప్పక తప్పదు. ఆమె ఎక్కింది ఆటో, గుద్దింది ఇన్సూరెన్సున్న కారు. అదే ట్రాక్టరు ట్రక్కు అయితే? సరుకులు మోసే బండి అయితే? 2022 మే నెలాఖరులో శ్రీశైలం నుంచి తిరిగొస్తున్న యాత్రికుల మినీ ట్రక్కు రెంటచింతల దగ్గర ఆగి ఉన్న లారీని గుద్దుకుంది. ఇంటికి చేరబోతున్నవాళ్ళు రోడ్డు మీదే పోయారు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలంలో మిరప కోతల నుంచి వస్తున్న ట్రాక్టరు తిరగబడి నలుగురు ఆడకూలీలు చనిపోయారు. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకు ఆ బండి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత పడదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు పరిహారం బండి యజమాని నుంచి రాబట్టుకోవాలి; ఆయన దగ్గర ఏముంటుంది? ఆటోకు పెట్టే పది రూపాయలు మిగుల్చుకుందామని ట్రక్కు ఎక్కే ఆడవాళ్ళకు ఈ మాట ఎవరైనా చేను గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాలి. మేస్త్రీలు చెప్పాలి, గ్రామ సచివాలయం చెప్పాలి, డ్వాక్రా మీటింగులో చెప్పాలి. గుద్దిన బండి ఆగకుండా పోతే వేరే దారి ఉంది: 2022 ఏప్రిల్ నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. దరఖాస్తు ఆర్డీవో ఆఫీసులో. గురజాల, సత్తెనపల్లి, నరసరావుపేట మూడు చోట్లా డివిజన్ ఆఫీసులున్నాయి.

వేసవి నడినెత్తిన ఉండగా ఆమె ఇంటికి వచ్చింది. వాకర్ పట్టుకొని వరండాలో నిలబడగలదు. మోకాలు ముప్పాతిక వంతు మడతపడదు. మంచం కింద ఒక పాత బిస్కట్ల డబ్బా. అందులో డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, ఎఫ్‌ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, మందుల బిల్లులు అసలువి, ఆటో కిరాయిలకు రాయించుకున్న చీటీలు. బిల్లు ఉన్న రూపాయే కోర్టులో రూపాయి. ప్రభుత్వం కట్టిన ఖర్చును మనం కట్టినట్టు చూపించకూడదు, చూపిస్తే మిగతా నిజం కూడా చెల్లదు.

వకీలు ఇంటికొచ్చి ఆ డబ్బా తిరగేశాడు. పోలీసులు ప్రమాద నివేదికను 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు పంపాలి, అది వెళ్ళింది. పిటిషను ఆరు నెలల్లో వెయ్యాలని 2022 నుంచి చట్టం. ఆ గడువు నిలుస్తుందా లేదా అన్నది సుప్రీంకోర్టు దాకా పోయింది, ఆ వాదం మనకెందుకు, ముందే వేసేద్దాం అన్నాడు. ఉన్న ఊరి కోర్టులోనే వేసుకోవచ్చు, ప్రమాదం జరిగిన చోటుకు పోనక్కర్లేదు. "సంపాదనకు రుజువేముందమ్మా?"

ఆమె నవ్వింది. కూలికి జీతం చీటీ ఉంటుందా? అబ్బాయి మేస్త్రి ఇంటికి పరుగెత్తి ఒక నోటుబుక్కు తెచ్చాడు. నూనె మరకల అట్ట. లోపల గళ్ళు గీసి పేర్లు, పేరు ఎదురుగా ఏ రోజు ఎన్ని కిలోలు కోసిందో అంకెలు. ఆమె పేరు దగ్గర అంకెలు మిగతా ఆడవాళ్ళ కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే. ప్రమాదం నాటి గడిలో కూడా ఉంది. ఆ మర్నాటి నుంచి గీత. వకీలు ఆ పేజీని చాలాసేపు చూశాడు. "దీనికి ఉపాధి హామీ జాబ్ కార్డు కలుపుదాం. మేస్త్రిని సాక్షిగా పిలుద్దాం."

వైకల్యం సర్టిఫికెట్ దగ్గర పేచీ వచ్చింది. మెడికల్ బోర్డు ఇచ్చిన శాతం చిన్నది. కంపెనీ వకీలు దాన్నే పట్టుకున్నాడు. కానీ 2010 చివర్లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇలాంటివాళ్ళ కోసమే: శరీరంలో ఎంత శాతం పోయిందన్నది కాదు, ఆ మనిషి చేసే పనిలో ఎంత పోయిందన్నది చూడాలి. చెయ్యి పోయిన గుమస్తా ఉద్యోగం నిలవవచ్చు, చెయ్యి పోయిన వడ్రంగికి పనే ఉండదు. మిరప కోతంటే పొద్దున్నించి సాయంత్రం దాకా వంగి, కూర్చొని, లేచి, సాళ్ళ వెంట జరిగే పని. మోకాలు మడవలేని మనిషికి అందులో మిగిలేదేముంది? వకీలు కోర్టులో ఆమెను ఒక్కటే అడిగాడు. "అమ్మా, కాయ ఎట్టా కోస్తావో చూపించు." ఆమె వాకర్ వదిలి వంగబోయింది. సగంలో ఆగిపోయింది. జడ్జిగారు చాలమ్మా కూర్చో అన్నారు.

లోక్ అదాలత్ నాడు కంపెనీ అధికారి ఒక అంకె చెప్పాడు. తక్కువేమీ కాదు. వకీలు కూడా ఫరవాలేదన్నాడు. ఇక్కడ ఒప్పుకుంటే డబ్బు త్వరగా వస్తుంది, కానీ మళ్ళీ అప్పీలు ఉండదు, ఇదే చివరిది. సంతకానికి కాగితం ముందుకు జరిపారు. ఆమె పెన్ను తీసుకుంది. "సార్, లోపలున్న రాడ్డు తియ్యాలని చెప్పారు. దానికెంతవుద్ది? అది ఇందులో ఉందా?"

అధికారి వకీలు వైపు చూశాడు. లేదు. ఆ ఆపరేషనుకు అంచనా కాగితం కావాలి, డాక్టరు రాసివ్వాలి. "అది ఉంటే కలుపుతాం" అన్నాడు అధికారి. ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. అబ్బాయి బయటికి వచ్చి, మంగళవారం ఎముకల ఓపీలో ఆ డాక్టరమ్మ ఉంటుందో లేదో కనుక్కోవడానికి జీజీహెచ్‌కి ఫోను చేస్తున్నాడు.